నీళ్ళ మీంచి కనబడే కొండ

పనసలోవ వచ్చిన కొత్తలో దాలయ్య నెల రోజులు కొండ కోసం వెతికాడు.

కొండ లేక కాదు. రైలు దిగితే కొండ, వీధి చివర కొండ, పెరటి తలుపు తీస్తే కొండ. కానీ అతనికి తెలిసిన కొండ వేరు. ముప్ఫై ఎనిమిదేళ్ళు అతను దాన్ని సముద్రం మీంచి చూశాడు. జాలరిపేటలో పడవ తోసుకుని ఏడెనిమిది మైళ్ళు లోపలికి పోతే విశాఖపట్నం కొండలన్నీ కురచబడి, వాటి వెనక నుంచి నీలంగా ఒకటి పైకి లేచేది. రెండు మూపులు, నడుమ పల్లం. మొత్తం కలిపి బొటనవేలి గోరంత. తండ్రి దాన్ని రెండుమూపుల కొండ అనేవాడు. దాని కాళ్ళ దగ్గర ఒక ఊరుందనీ, ఆ ఊళ్ళో గురువారం సంత జరుగుతుందనీ, ఆ సంతలో తన భార్య గంగాలమ్మ ఇరవై ఏళ్ళుగా ఎండుచేపలు అమ్ముతోందనీ దాలయ్యకి తెలుసు. తెలిసినా ఆ కొండా ఈ కొండా ఒకటేనని మనసు ఒప్పుకోలేదు.

దగ్గరికొచ్చాక మూపులు పోయాయి. జీడిమామిడి చెట్లు, ఎర్రమట్టి, మేకలు, పైన మబ్బు. ఎటు చూసినా ఒక వాలు తప్ప రూపం లేదు. ఒకరి ఒళ్ళో కూర్చుంటే వాళ్ళ మొహం కనబడనట్టు.

ఊరు మాత్రం బాగుండేది. ఆ సంగతి దాలయ్య గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. పెంకుటిళ్ళ వీధికి ఒక పక్కన సన్నటి గెడ్డ పారేది. పొద్దున్నే మంచు ఇంటి చూర్లదాకా దిగి, ఎనిమిదింటికి ఎవరో పిలిచినట్టు లేచిపోయేది. వేసవిలో వీధంతా పనసపండు వాసన. సంతరోజున కొండమీదవాళ్ళు చింతపండూ అడ్డాకులూ చీపుళ్ళూ దింపేవారు. రైలు రోజుకి రెండుసార్లు వచ్చేది. పొద్దున అరకు వైపు, సాయంత్రం పట్నం వైపు. ఆ రెండు కూతల మధ్య ఎవరికీ తొందర ఉండేది కాదు.

అతన్ని ఇక్కడికి తోలింది పెద్దాసుపత్రి డాక్టరు. ఆయాసం ముదిరి, పడవలోనే ఒకసారి కళ్ళు తేలేశాక, డాక్టరు గుండెమీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "ఉప్పుగాలి నీకు పడదయ్యా, పైకెక్కడికైనా పో" అన్నాడు. దాలయ్యకి అదే మొదటి దెబ్బ. పుట్టినప్పటినుంచి పీలుస్తున్న గాలి లోలోపల తన మీద పగబట్టిందంటే ఎలా నమ్మడం? పడవ కొడుకు కన్నబాబు చేతికిచ్చాడు. అయినా ఏడాదికోసారి, చలికాలంలో, గాలి పొడిగా ఉన్న రోజు చూసుకుని జాలరిపేట వెళ్ళి ఒక్క పూట పడవెక్కేవాడు. మిగతా మూడొందల అరవైనాలుగు రోజులూ ఆ ఒక్క పూట కోసమే ఊపిరి దాచుకునేవాడు.

పక్కవాటాలో శ్రీరామ్మూర్తి ఉండేవాడు. హైస్కూల్లో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది. కూతురు హేమశ్రీ విశాఖలో కాపురం. వరండాలో కూర్చుని ముప్ఫై ఏళ్ళుగా ఒకే కొండని గీస్తున్నాడు. మొదటిరోజే అరుగు మీంచి, "బావా, టీ తాగుతావా?" అన్నాడు.

దాలయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఇంకెవర్నో పిలిచాడనుకున్నాడు. చదువుకున్న మాస్టారు, వ్యవసాయం ఇంటివాడు, తనలాంటి జాలరి మనిషిని నోరారా బావా అనడం అతని బతుకులో అదే మొదలు.

"మేస్టారూ, నన్నేనేటి?"

"మరింకెవులున్నారు బావా ఇక్కడ? ఆ మేకనైతే అనలేదు."

ఆ రాత్రి గంగాలమ్మతో ఈ మాట రెండుసార్లు చెప్పాడు. ఆవిడ ఎండు నెత్తళ్ళు ఏరుతూ, "ఒక టీకే ఇంత మురిసిపోతన్నావేటి? ఇరవయ్యేళ్ళబట్టీ నా దగ్గర చేపలు కొంటన్నాడు, నన్నెప్పుడూ అప్పా, అక్కా అన్నేదు" అంది.

మూడేళ్ళు అలా గడిచాయి. మాస్టారు అడిగేవాడు, దాలయ్య చెప్పేవాడు. దాలయ్య చెప్పడం ఎరగని మనిషి. పడవలో మాటలు తక్కువ, ఇంట్లో గంగాలమ్మ మాటలే సరిపోయేవి. ఇక్కడ ఒక మనిషి పెన్సిలు చెవిలో పెట్టుకుని, తల వంచి, తన నోట్లోంచి వచ్చే ప్రతి మాటకీ "ఆహా" అంటూ ఎదురు చూస్తున్నాడు. ఎవరైనా తనని ఇంత శ్రద్ధగా వింటే మనిషిలో ఏదో వదులవుతుంది. దాలయ్యకి అరవై దాటాక వదులైంది.

ఒక్క సంగతి మాత్రం చెప్పకూడదు. అది తాతబండ సంగతి.

తాతబండ నీటి కిందున్న రాళ్ళగుట్ట. దాలయ్య తాత కనిపెట్టాడు. చుట్టూ ఇసుక, మధ్యలో గుడిసెలంత రాళ్ళు. ఆ రాళ్ళ దగ్గర వంజరం, గులివింద చేపలు ఏ కాలంలో పోయినా ఇంటికి పట్టుకొచ్చేటన్ని ఉంటాయి. నీళ్ళ మీద గీత లేదు, జెండా లేదు. దాని చోటు తెలిసేది ఒడ్డునున్న కొండల ఆనవాళ్ళతోనే. ఒకవైపు చూస్తే ఒక వరస కుదరాలి, ఇంకోవైపు చూస్తే ఇంకో వరస కుదరాలి. రెండూ ఒక్కసారి కుదిరిన చోట లంగరు రాయి వెయ్యాలి. ఆ రెండు వరసలూ తండ్రి పెద్దకొడుక్కి పడవలో చెప్తాడు, నోరు చెవికి ఆనించి, ఒక్కసారే. ఒడ్డు మీద చెప్పకూడదు. నేల విన్న మాట నీళ్ళలో నిలవదంటారు. ఒడ్డు మీద నోరు జారినవాడు మళ్ళీ ఆ పడవ మీద చెయ్యి వెయ్యకూడదు. ఇది ఎవరూ రాసిపెట్టలేదు, ఎవరూ తప్పలేదు.

దాలయ్యా తప్పుతున్నాననుకోలేదు. జరిగింది ఇంతే. ఒకరోజు మాస్టారు తన బొమ్మలన్నీ అరుగు మీద పరిచి, "ముప్ఫయ్యేళ్ళు గీశాను బావా, ఒక్కటీ కొండలా లేదు. చెట్లొచ్చాయి, రాళ్ళొచ్చాయి, కొండ రాలేదు" అన్నాడు.

"ఎలగొస్తది మేస్టారూ? మీరు దాని కాళ్ళ కాడ కూకున్నారు. అది నీళ్ళ మీంచి సూడాల."

"నాకు నీళ్ళంటే భయం. నువ్వు చూశావు గదా. చెప్పు, నేను గీస్తాను."

దాలయ్య చెప్పాడు. రెండు మూపులు, ఎడమది కాస్త లావు. మాస్టారు గీశాడు. దాలయ్య చూసి నవ్వాడు. "పల్లం అంత లోతు కాదు. దాని ముందర సింహాచలం కొండ కొమ్ము రావాల. అక్కడ కాదు, కుడేపుకి. ఇంకొంచెం. ఆ పల్లంలో సరీగా వొచ్చి కూకోవాల, పిల్ల తల్లొళ్ళో కూకున్నట్టు." మాస్టారు చెరిపాడు, మళ్ళీ గీశాడు. నాలుగు సాయంత్రాలు పట్టింది. నాలుగో రోజు కాగితం మీద ఆ కొండ లేచింది. దాలయ్య కళ్ళు తుడుచుకున్నాడు. పనసలోవ వచ్చిన ఏడాదికి కొండ కనబడింది.

అది మొదటి వరస అని అతనికి తట్టలేదా? తట్టింది. తట్టినప్పుడు మనసు చక్కటి జవాబు చెప్పింది. ఇది ఒడ్డు కాదు గదా, సముద్రానికి ఇరవై కోసుల దూరం. పైగా ఒక వరసతో ఎవడికీ ఏమీ దొరకదు. పైగా మాస్టారికి నీళ్ళంటే భయం. మనసు ఒక కారణం చెప్తే నమ్మొచ్చు, మూడు చెప్పిందంటే అనుమానించాలి. ఈ సంగతి దాలయ్యకి చాలా ఆలస్యంగా అర్థమైంది.

రెండో బొమ్మ ఏణ్ణర్ధం తరవాత వచ్చింది. "బావా, అదే చోట కూచుని మెడ ఎడమకి తిప్పితే ఏటి కనబడద్ది?" అన్నాడు మాస్టారు. ఆ సాయంత్రం గెడ్డ నిండుగా పారుతోంది. దాలయ్యకి ఆయాసం లేదు. "యారాడ కొండ" అన్నాడు. "దాని కొసన మా తాతప్పుడు తాటిసెట్లుండేవంట, ఇప్పుడా చోటే స్టీలు ప్లాంటు పొగ్గొట్టాలు. మొదటిది బయటపడాల, రెండోది దాగుండాల. అదేటి గీసేరు? అది పరవాడ కొత్త గొట్టం. అది కాదు, తీసెయ్యండి." మాస్టారు రబ్బరుతో పరవాడ గొట్టాన్ని తుడిచేశాడు.

రెండువేల రెండో సంవత్సరం చలికాలంలో కోటి పనసలోవ వచ్చాడు.

కోటి దాలయ్య అక్క కొడుకు. పన్నెండేళ్ళుగా కన్నబాబు పడవలోనే పని. పొద్దున రైలు దిగి, చెప్పులు గుమ్మం బయట విప్పి, లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు. గంగాలమ్మ చద్దన్నం పెడితే ముట్టలేదు.

"నన్ను పడవ దింపేసేడత్తా" అన్నాడు. "కన్నబాబే."

"ఏటి సేసేవు?" అన్నాడు దాలయ్య.

"ఏటీ సెయ్యనేదు. తాతబండ మీదకి హార్బరు బోట్లొచ్చేసేయి. ముందొకటొచ్చింది, ఆడి సేతిలో జీపీఎస్ మిషనుంది. రాయేసేడు, మీట నొక్కేడు. అంతే. ఇంక ఆడికి కొండలక్కర్నేదు, మంచొచ్చినా మబ్బొచ్చినా సీకట్లోనైనా వొచ్చేత్తాడు. ఇప్పుడు పదకొండు బోట్లు, మావా. రాళ్ళు బోడిగుండైపోయాయి. మొన్న మాకు దొరికింది రెండు గులివిందలు."

దాలయ్య గోడకి ఆనుకున్నాడు. లోపల ఊపిరి ఎక్కడో తలుపు వేసుకుంది.

"కన్నబాబుకి కామెర్లొచ్చినప్పుడు రెణ్ణెల్లు సుక్కాని నానే పట్టేను గదా. నానే సెప్పేనంటన్నాడు. నాకా వరసలు తెలీవు మావా. ఆడు పక్కనే పడుకుని 'ఇటు తిప్పు, అటు తిప్పు, ఆపు' అనేవోడు, నాను తిప్పేవోణ్ణి. ఇప్పుడు హార్బర్లో ఐసు మోత్తన్నాను. పేటలో ఎవులూ పలకరు. నా పెళ్ళాం కొళాయి కాడికెల్తే బిందె పక్కకి జరిపేత్తన్నారు. నువ్వొక్కమాట సెప్పు మావా. నువ్వంటే ఆడు నమ్ముతాడు."

అప్పుడు దాలయ్య చేసిన పని తరవాత అతన్ని చాలాకాలం తొలిచింది. అతను కోటి కళ్ళలోకి చూసి, "ఏమోరా, నీకు తెలీకుండా ఎక్కడైనా నోరు జారేవేమో. తాగినప్పుడు..." అన్నాడు.

కోటి లేచాడు. చెప్పులు వేసుకున్నాడు. "నాను తాగనని నీకు తెలుసనుకున్నాను" అని, సాయంత్రం రైలుకి ఇంకా ఆరు గంటలుండగానే స్టేషనుకి వెళ్ళిపోయాడు.

కోటే చెప్పి ఉంటాడు. ఆ మాట పట్టుకుని దాలయ్య మధ్యాహ్నం దాకా హాయిగానే ఉన్నాడు. అన్నం తిన్నాడు, కునుకు తీశాడు. లేచేసరికి గంగాలమ్మ వాకిట్లో బుట్ట సర్దుతూ పక్కవాటా వైపు చూసి అంది: "మేస్టారల్లుడు నిన్న వొచ్చేడు గావాల. గుణశేఖరు. ఆడికిప్పుడు హార్బర్లో బోటుందంట. మేస్టారికి గంపెడు గులివిందలు తెచ్చేడు, నాకూ నాలుగిచ్చేరు. మనూళ్ళో ఇంతింత గులివిందలు నాను సూసి ఎన్నాళ్ళయిందో. రాత్రి నువ్వు తిని బాగున్నాయన్నావు గదా, అవే."

దాలయ్య నాలుక మీద ఆ రుచి ఇంకా ఉంది.

అతను లేచి పక్క అరుగు ఎక్కాడు. మాస్టారు లేడు, లోపల కాఫీ కలుపుతున్న చప్పుడు. గోడ మీద కొండ బొమ్మ ఎప్పటిలానే ఉంది. రెండో బొమ్మ ఉండే చోట మేకు మాత్రం ఉంది. బల్ల మీద స్కూలు భూగోళం పటంలాంటిది ఒకటి పరిచి, నాలుగు మూలలా గులకరాళ్ళు పెట్టి ఉంది. దాలయ్యకి అక్షరాలు రావు. కానీ నీలం రంగంటే నీళ్ళని తెలుసు, ఒడ్డంటే ఏ వంపో తెలుసు. ఆ నీలం మీద రెండు పెన్సిలు గీతలున్నాయి. ఒకటి కొండల నుంచి వచ్చింది, ఒకటి యారాడ కొస నుంచి వచ్చింది. రెండూ ఒకదాన్నొకటి కోసుకున్న చోట చిన్న సున్న. స్కేలు పెట్టి, పెన్సిలు చెక్కి, ఎంత శుభ్రంగా గీశాడో.

మాస్టారు రెండు గ్లాసులతో బయటికొచ్చాడు. బల్ల చూశాడు. దాలయ్య మొహం చూశాడు. గ్లాసులు కింద పెట్టడానికి చోటు కోసం అటూ ఇటూ వెతికి, చివరికి ఆ పటం మీదే పెట్టాడు.

"కూచో బావా."

"మొదటి బొమ్మ ఎవులు అడిగేరు మేస్టారూ?"

"ఎవరూ అడగలేదు. అది నాది."

"రెండోది?"

శ్రీరామ్మూర్తి కండువాతో చేతులు తుడుచుకున్నాడు. తడి లేకపోయినా చాలాసేపు తుడుచుకున్నాడు. "గుణశేఖరు మొదటి బొమ్మ చూశాడు. ఇది జాలర్ల ఆనవాలు మావయ్యా, ఇంకో వైపు కూడా ఉంటుంది, అడుగు అన్నాడు. బోటు కొన్నాడే గాని ఎక్కడ వల వెయ్యాలో తెలీక తిరుగుతున్నాడు. హేమ ఏడ్చింది. నేను అడిగాను."

"బావా అని అడిగేరు."

"బావా, విను. సముద్రం ఎవరి సొత్తు? నువ్వెలాగూ వెళ్ళలేవు గదా. ఇంక నీకెందుకది?"

దాలయ్యకి అర్థం కాలేదు, తను ఇంత సేపు నిలబడి ఎలా ఉన్నాడో. ఈ మనిషి మీద చెయ్యి చేసుకోవాలని కూడా లేదు. అతని మనసు వెనక్కి పరుగెత్తి మూడేళ్ళ సాయంత్రాలని ఒక్కొక్కటే పట్టుకుని అడుగుతోంది. ఇది మంచిదా, కల్తీదా? ఆ రోజు తనకి ఆయాసం వస్తే వీపు రాశాడే, అది? గంగాలమ్మకి జ్వరమొస్తే రైలు గార్డుని బతిమాలి పట్నం నుంచి మందు తెప్పించాడే, అది? గుణశేఖరు అడగక ముందువా, అడిగిన తరవాతవా? గేలం పట్టి బతికినవాడికి ఒక సంగతి తెలుసు. చేప నోట్లో ఎరా ముల్లూ ఒకేసారి దిగుతాయి. తరవాత వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు. మూడేళ్ళూ అలా కలిసిపోయాయి. మంచి సాయంత్రాలు కూడా చెడిపోయాయి. వాటినైనా వదిలి ఉంటే బాగుండేది.

"మా కోటిని పడవ దింపేసేరు" అన్నాడు. "ఆడే సెప్పేడని."

మాస్టారి మొహంలో నిజంగానే నెత్తురు లేకుండా పోయింది. "ఆ అబ్బాయా? పొద్దున వచ్చినతను? అయ్యో. అది నేను అనుకోలేదు."

"నానూ అనుకోనేదు. మేస్టారూ, ఆ బొమ్మ ఇవ్వండి. మొదటిది."

ఎందుకని శ్రీరామ్మూర్తి అడగలేదు. స్టూలు ఎక్కి మేకు మీంచి బొమ్మ దింపాడు. చట్రం విప్పి, కాగితం చుట్టి, దారం కట్టి ఇచ్చాడు. ఇస్తున్నప్పుడు వేళ్ళు వదల్లేదు. "నా జన్మలో కొండ వచ్చింది ఇదొక్కదాంట్లోనే" అన్నాడు. దాలయ్య లాక్కున్నాడు.

ఆ సాయంత్రం రైలుకి వెళ్దామనుకున్నాడు, వెళ్ళలేదు. రెండో రోజూ వెళ్ళలేదు. రైలు కూత వినబడినప్పుడల్లా చెప్పుల దాకా వెళ్ళి ఆగిపోయేవాడు. చెప్తే కోటి పడవెక్కుతాడు, తను దిగిపోతాడు. లెక్క అంత సులువు. ఇంక రెండు వారాల్లో గాలి పొడిబారుతుంది. ఏడాదంతా దాచుకున్న ఊపిరి ఉంది. ఆ ఒక్క పూటా ఎక్కి వచ్చి ఆనక చెప్తే? కోటి కుర్రాడు, రెండు వారాలు ఐసు మోస్తే అరిగిపోడు. ఈ ఆలోచనలో ఒక తీరు అతనికి ఎక్కడో విన్నట్టు తోచింది. నీకెందుకది, వాడికేం పోయింది. మాస్టారి గొంతే తన లోపల మాట్లాడుతోంది. లేక మాస్టారి దగ్గరికి వెళ్ళకముందు నుంచీ అది తన గొంతేనేమో.

మూడో రోజు గంగాలమ్మ కంచం ముందు పెట్టి నిలబడింది.

"నువ్వే గదా" అంది.

దాలయ్య కంచాన్ని పక్కకి జరిపాడు.

"సింహాచలం కొండ కొమ్ము పిల్లలాగ కూకోవాలని నువ్వు ఇగిలిత్తా సెప్తంటే నాను ఇక్కడ నెత్తళ్ళు ఏరతన్నాను. ఆడదాన్ని, నాకేటి తెలుస్తాదనుకున్నాను. కోటిగాడి మొహం సూసేక తెలిసింది. నువ్వెల్తావా, నన్నెల్లమంటావా?"

"నానే ఎల్తాను."

"అన్నం తిని ఎల్లు."

సాయంత్రం బండి విశాఖ చేరేసరికి చీకటి పడుతుంది, రాత్రి స్టేషన్లోనే పడుకోవాలి. రైల్లో కిటికీ పక్కన కూర్చుని బొమ్మ విప్పాడు. కింద కుడిమూల నల్లటి పురుగుల్లా అక్షరాలున్నాయి. చదవలేకపోయినా అది పేరని తెలుసు. మాస్టారు ప్రతి బొమ్మ కిందా అక్కడే, నాలుక కొరుక్కుంటూ రాసేవాడు. దాలయ్య ఆ మూలని గోటితో మడిచి, మడిచిన చోట చింపాడు. ముక్కని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ పేరు పేటలో తెలిస్తే మర్నాటి పాసింజరులో పదిమంది పనసలోవలో దిగుతారు. అందుకే చింపానని తనకి తను చెప్పుకున్నాడు. ఒక్క కారణమే చెప్పుకోగలిగాడు కాబట్టి నిజమే అయ్యుండాలి. కానీ జేబు మీంచి చెయ్యి తియ్యలేకపోయాడు.

మర్నాడు పొద్దున జాలరిపేట చేరేసరికి పడవలు ఒడ్డుకొస్తున్నాయి. చేపల వేలంపాట పాడే ఆడవాళ్ళు బుట్టలు బోర్లించి కూర్చున్నారు. కన్నబాబు పడవ అల మీంచి వచ్చి ఇసకకి తగిలింది. నలుగురు దిగి తోస్తున్నారు, ఒక భుజం తక్కువై పడవ ఒరుగుతోంది.

"అయ్యా! మంచి టైముకొచ్చేవు. ఓ సెయ్యెయ్యి!" అని అరిచాడు కన్నబాబు.

అడిగితే చెయ్యి వెయ్యకుండా ఉండడం అక్కడ ఎవరికీ రాదు. దాలయ్య బొమ్మ చంకలో పెట్టుకుని, ముందుభాగాన, ఎప్పుడూ పట్టుకునే చోట చెయ్యి వేశాడు. తడిగా, చల్లగా ఉంది. రెండేళ్ళుగా ఈ చెయ్యి వెయ్యకూడని చెయ్యి, వేస్తూనే ఉంది. తోశాడు. పడవ కదిలింది. ఉప్పుగాలి రొమ్ములో దూరి గీరింది. పడవ పొడి ఇసక మీదకొచ్చి ఆగాక కూడా చెయ్యి కాసేపు అక్కడే ఉంచాడు.

"చలి ముదరనేదు గదా, అప్పుడే వొచ్చేసేవేటి?" అన్నాడు కన్నబాబు నవ్వుతూ. "రెండు వారాలాగు, గాలి మారనీ."

"కోటిగాణ్ణి పిలు."

నవ్వు ఆగింది. "ఆడి ఊసు నా కాడ తేకు."

"పిలు. ఐసు కాడున్నాడేమో. ఎవుళ్ళనైనా పంపు."

కోటి వచ్చేదాకా దాలయ్య ఇసకలో కూర్చుని ఊపిరి కూడదీసుకున్నాడు. కోటి సైకిలు మీద వచ్చి దూరంగానే దిగాడు. చొక్కా ఐసు నీళ్ళతో తడిసి ఉంది. పేటవాళ్ళు ఒక్కొక్కరే చేరారు. అప్పుడు దాలయ్య లేచి కొండ బొమ్మ విప్పి, గాలికి ఎగరకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

"కోటి సెప్పనేదు. నానే సెప్పేను" అన్నాడు. "పడవలో కాదు. నేల మీద, అరుగు మీద కూకుని, టీ తాగుతా సెప్పేను. రెండుమూపుల కొండ పల్లంలో సింహాచలం కొండ కొమ్ము కూకోవాల. యారాడ కొస..."

"అయ్యా! నోరు ముయ్యి! ఒడ్డు!" కన్నబాబు చెయ్యి ముందుకొచ్చింది, నోటి దగ్గర ఆగిపోయింది.

"యారాడ కొసన మొదటి గొట్టం బయటపడాల, రెండోది దాగుండాల. అదీ తాతబండ. ఇప్పుడందరూ విన్నారు. ఇంక దీన్ని ఎవులు సెప్పేరని ఎవుళ్ళనీ అడగక్కర్నేదు."

వేలంపాట పాడే ముసలావిడ, "ఓలమ్మో" అని బుట్ట తిప్పి కూర్చుంది. కోటి దగ్గరికొచ్చి బొమ్మ చూశాడు. కోపం రావలసిన మొహంలో వేరేదేదో వచ్చింది. "ఇలగే ఉంటది మావా" అన్నాడు మెల్లగా. "అచ్చం ఇలగే. పన్నెండేళ్ళు రోజూ సూసేను. ఇదే ఆనవాలని తెలీనేదు."

కన్నబాబు కాగితం లాక్కుని అటూ ఇటూ తిప్పాడు. "ఎవుడు గీసేడు? ఈ మూలేటి? సింపేసేవా? పేరుండాల గదా ఇక్కడ?"

దాలయ్య జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఎవుడయ్యా ఆడు?"

చెప్పడానికి నోరు తెరిచాడు. మూడేళ్ళ నుంచి నోరు తెరిస్తే ఏదో ఒకటి వచ్చేది. ఇప్పుడు రాలేదు. తన దగ్గర ఎవరికీ చెప్పనిది ఇదొక్కటే మిగిలింది.

కన్నబాబు కాగితం చుట్టి తండ్రి చంకలో తిరిగి పెట్టాడు, మెల్లగానే. కోటి వైపు తిరిగి, మొహం చూడకుండా, "తెల్లారగట్ల మూడింటికి" అన్నాడు. కోటి వంగి పడవలోంచి వల అందుకుని ఒక కొస లాగాడు. రెండో కొస కన్నబాబు పట్టుకున్నాడు.

వల దించాక కన్నబాబు పడవలోని సత్తుగిన్నె తీసుకుని నీళ్ళలోకి దిగాడు. మోకాలి లోతు దాకా వెళ్ళి, అల మీంచి నీళ్ళు ముంచుకుని వచ్చాడు. పడవ ముందుభాగం దగ్గర ఆగాడు. దాలయ్య చెయ్యి ఎక్కడ పడిందో అతనెప్పుడు చూశాడో తెలియదు, సరిగ్గా ఆ చోటే పోశాడు. అరచేత్తో రుద్దాడు. మళ్ళీ వెళ్ళి ఇంకో గిన్నె తెచ్చాడు.